ఆపదలో పొరుగుదేశం



పక్కింట్లో శవం ఉండగా మన ఇంట పొయ్యి వెలిగించం. ఆ రోజు వచ్చి నిలబడినవారిని, ముఖం చాటేసినవారిని ఆ కుటుంబం ఏళ్ల తరబడి గుర్తుంచుకొంటుంది. దేశాలు కలిసి ఏర్పరచుకొన్న సంస్థలపై ప్రజల అభిప్రాయం కూడ ఇంచుమించు ఇలాగే ఏర్పడుతుంది. ఒప్పంద పత్రాలు చదివేవారెందరు?

ఐరోపా సమాఖ్యనే చూడండి. దేశాలు చేతలలో సంఘీభావం చూపినపుడే ఐరోపా ఒక్కటవుతుందని 1950 మే 9న ఫ్రాన్సు విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమాన్ ప్రకటించారు. ఆయన భక్తిగల కతోలికుడు. ఆయన వీరోచిత సుగుణాలను 2021లో ఫ్రాన్సిస్ జగద్గురువులు గుర్తించారు. సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో నేను సంఘీభావాన్ని నిర్వచనాలలో వెదికాను. షూమాన్ దానిని బొగ్గు, ఉక్కు పరిశ్రమలతో మొదలుపెట్టారు!

2020 మార్చిలో దీనికి పరీక్ష ఎదురైంది. కరోనా వ్యాధితో ఇటలీలోని లొంబార్డీ ఆస్పత్రులు నిండిపోయాయి. మాస్కులు, పరికరాల కోసం ఇటలీ చేయి చాచితే తోటి దేశాలు వెంటనే కదలలేదు. జర్మనీ మాస్కుల ఎగుమతిని ఆపివేసింది. మార్చి 12న చైనా వైద్యులు సామగ్రితో రోము చేరారు. కొద్దిరోజులకే జర్మనీ ఆస్పత్రులు ఇటలీ రోగులను చేర్చుకొన్నాయి గాని, అప్పటికే ఎందరో ఇటాలియనుల మనసు విరిగింది. ఏప్రిల్ 16న సమాఖ్య కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లేయెన్ ఐరోపా పార్లమెంటులో ఇటలీకి క్షమాపణ చెప్పారు.

ఆ జూలైలో దేశాలన్నీ ఉమ్మడిగా అప్పు తెచ్చి 75,000 కోట్ల యూరోల నిధి ఏర్పరచాలని నిర్ణయించాయి. అందులో 39,000 కోట్లు తిరిగి ఇవ్వనక్కరలేని సాయం. పెద్ద వాటా ఇటలీదే. 2010 నుండి గ్రీసుకు అందినవి కఠినమైన షరతులతో కూడిన అప్పులు. 2015 జూలైలో అక్కడ ఓటు వేసినవారిలో 61 శాతం ఆ షరతులు వద్దన్నారు. ఈసారి జరిగింది వేరు. సమాఖ్యను నమ్ముతున్నామన్నవారు 2020 వేసవిలో 43 శాతం, 2021 ఆరంభంలో 49 శాతం. నిధి ఒక్కటే కారణమని నేననను. అయినా దాని పాత్ర చిన్నది కాదని నా అభిప్రాయం.

ఇచ్చేవారి మాట కూడ వినాలి. నెదర్లాండ్స్, ఆస్ట్రియా, డెన్మార్క్, స్వీడన్ ప్రభుత్వాలు ఉచిత సాయం తగ్గించాలని నాలుగు రోజులు పట్టుబట్టాయి. మా పన్నుల సొమ్ము ఎవరికి పోతుందని అక్కడి పౌరుడు అడిగితే అది స్వార్థమని కొట్టివేయలేము. అతనికి జవాబు దొరకకపోతే అతని నమ్మకమూ సడలుతుంది. ఆ ఉమ్మడి అప్పు 2058 నాటికి తీరాలి. అంటే ఆనాడు ఊయలలో ఉన్న డచ్చి బిడ్డ కూడ దానిని మోయవలసినదే.