మాగాణి మినుములో బంగారు తీగ: పంట మార్పిడి ఏ కాలంలో జరగాలి?

కృష్ణా డెల్టా మాగాణులలో ఖరీఫ్ వరి తరువాత మినుము పండించడం చిరకాలంగా స్థిరపడిన పద్ధతి. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, పైరు నిలిచి ఉండగానే ఎకరాకు 16 - 18 కిలోల విత్తనాన్ని వెదజల్లి, నేలలో మిగిలిన తేమతోనే పంట తీస్తారు. దుక్కి ఉండదు, అంతరకృషికి వీలుండదు. గడ్డిజాతి పంట వెంట పప్పుజాతి పంట వస్తున్నది కనుక పాఠ్యగ్రంథాల నిర్వచనం ప్రకారం ఇది మంచి పంట మార్పిడియే. అయినప్పటికీ ఈ పొలాలలోనే బంగారు తీగ (కస్క్యూటా) తిష్ఠ వేసుకొని, మినుము దిగుబడికి గండి కొడుతున్నది. ఏటా పంట మారుతున్నా ఈ కలుపు ఎందుకు తగ్గడం లేదన్నదే ఇక్కడ పరిశీలించవలసిన విషయం.

బంగారు తీగకు వేరు, ఆకు నామమాత్రం. మొలకెత్తిన దారం వంటి తీగ దగ్గరలోని ఆతిథేయి మొక్కను చుట్టుకొని, చూషకాలను కాండంలోనికి చొప్పించి ఆహారాన్ని, నీటిని పీల్చుకుంటుంది. ఆ తరువాత నేలతో దానికి సంబంధం తెగిపోతుంది. ఆతిథేయి దొరకని మొలక కొద్ది రోజులలోనే ఎండిపోతుంది. అయితే ఒక మొక్క వేల సంఖ్యలో విత్తనాలను రాలుస్తుంది. వాటి పైపొర గట్టిది. అన్నీ ఒకే ఏడు మొలకెత్తవు, కొన్ని పదేళ్లకు పైగా నేలలో సజీవంగా ఉండగలవు.

వరి ఈ కలుపునకు ఆతిథేయి కాదు. కానీ దమ్ము చేసి నీరు నిలిపిన ఖరీఫ్ కాలంలో విత్తన నిల్వలో అధిక భాగం మొలకెత్తకుండా నిద్రావస్థలోనే గడుపుతుంది. నీరు తీసి, మినుము మొలిచే సమయానికి అదీ మొలుస్తుంది. అనగా వరి - మినుము సరళి మన దృష్టిలో రెండు పంటల మార్పిడి అయినా, రబీలో మేల్కొనే కలుపు దృష్టిలో ఏటా ఒకే పంట. పంట మారవలసినది కలుపు మొలిచే కాలంలో.

హర్యానాలో వరి - గోధుమ సరళి ఇదే విషయాన్ని మరొక విధంగా నిరూపించింది. ఏటా రబీలో గోధుమే వేసి, ఐసోప్రోట్యురాన్ మందునే ఏళ్ల తరబడి వాడిన పొలాలలో గుల్లి దండ (ఫలారిస్ మైనర్) ఆ మందును తట్టుకొనే శక్తిని సంతరించుకున్నట్లు 1990ల తొలి సంవత్సరాలలో బయటపడింది. ఖరీఫ్‌లో వరి ఉండడం దానిని ఆపలేదు. రబీలో బర్సీమ్ పశుగ్రాసం వేసినచోట, పలుమార్లు కోతల వలన గుల్లి దండ గింజ కట్టక ముందే తెగిపోయి సమస్య తక్కువగా ఉన్నది.

మన మాగాణులలో రబీ మార్పునకు అనువైన పంటలు దుక్కి లేకుండా వేసే మొక్కజొన్న, జొన్న. ఇవి గడ్డిజాతికి చెందినవి కనుక బంగారు తీగ వీటిపై బతకదు. నిజానికి డెల్టాలో మొక్కజొన్న వ్యాపించడానికి పల్లాకు తెగులుతో పాటు ఈ కలుపు బెడద కూడా ఒక కారణం. పొగాకు మల్లె విషయంలో నువ్వుల వంటి ఎర పంట విత్తనాన్ని మొలిపించి చంపుతుంది; బంగారు తీగ మొలవడానికి ఆతిథేయి వేరు నుండి ప్రేరణ అక్కరలేదు కనుక ఇక్కడ ఎర అవసరం లేదు, పస్తు పెట్టడమే మార్గం. అయితే ఆ ఏడు మొలిచిన విత్తనం మాత్రమే నశిస్తుంది, గట్టి గింజ మిగిలే ఉంటుంది. అందుచేత ఒక్క రబీ మార్పుతో కలుపు పోయిందని చెప్పడం రైతును తప్పుదారి పట్టించడమే.

మరొక లోపం క్షేత్రంలో తరచుగా కనిపిస్తుంది. మొక్కజొన్నలో వెడల్పాకు కలుపును వదిలివేస్తే బంగారు తీగ దానిపై పాకి, పూసి, గింజ కడుతుంది. గట్ల మీది మొక్కలూ అంతే. కనుక తొలి 40 రోజులు వెడల్పాకు కలుపును అదుపులో ఉంచకపోతే మార్పిడి వృథా. పైగా మొక్కజొన్నలో వరి మోళ్ల పిలకలు, తుంగ కొత్త సమస్యలుగా ముందుకు వస్తాయి. పంట మార్పిడి కలుపును తుడిచివేయదు, కలుపు జాతుల వరుసను మారుస్తుంది.

దిగుబడి లెక్కలోనూ జాగ్రత్త అవసరం. మినుము వాతావరణ నత్రజనిని స్థిరీకరించి, ఆకు రాల్చి, తరువాతి వరికి కొంత మేలు చేస్తుంది. మొక్కజొన్న అధిక నత్రజనిని కోరుతుంది; నీటి తడులు కూడా తప్పవు. కాలువ నీరు అందని చివరి భూములలో జొన్నే మేలని నా అభిప్రాయం. రెండు మూడు రబీల తరువాత తిరిగి మినుముకు వచ్చినపుడు విత్తనాన్ని జల్లించడం తప్పనిసరి. బంగారు తీగ గింజ మినుము గింజ కంటే చాలా చిన్నది, జల్లెడలో సులభంగా దిగిపోతుంది. ఆ జల్లించిన చెత్తను దిబ్బలో వేయక కాల్చాలి. కలుపు సోకిన మినుము కట్టెను పశువులకు వేస్తే గింజ పేడలో సజీవంగా బయటకు వచ్చి మరల పొలం చేరుతుంది.

చిక్కంతా కౌలు దగ్గర ఉన్నది. ఏడాది కౌలుకు చేసే రైతు ఈ రబీలో జొన్న వేసి తగ్గించిన విత్తన నిల్వ ఫలితాన్ని మరుసటి ఏడు వేరొకరు అనుభవిస్తారు. అతడు మినుమునే ఎంచుకోవడం తెలియనితనం కాదు. కనుక విస్తరణ శాస్త్రవేత్త ఈ సలహాను భూయజమానికి, కౌలుదారుకు కలిపి చెప్పాలి. మినుము విత్తిన మూడు, నాలుగు వారాలకు పసుపు పచ్చని గూళ్లు కనిపించినచోట్లను పొలం పటంలో గుర్తించి, పూత రాకముందే మినుముతో సహా పీకి కాల్పించి, ఆ పటాన్ని మరుసటి రబీలో సాగు చేసేవారి చేతికి అందేటట్లు చూడాలి. క్షేత్ర పరిశీలనకు వెళ్లే విద్యార్థులు అవే స్థలాలలో చదరపు మీటరు చట్రాలు ఉంచి, వరుసగా మూడు రబీలు మొలకలు లెక్కించగలిగితే నిల్వ ఎంత వేగంగా తరుగుతున్నదో ఆ పొలానికే తెలుస్తుంది.