తలలో పేలు, ఒంటి మీద గజ్జి: దాచుకోవద్దు, భయపడొద్దు



దసరా సెలవులయ్యాక స్కూల్ తెరిచిన మొదటి వారంలో క్లాసులో ఇద్దరు ముగ్గురు పిల్లలైనా తల గోక్కుంటూ కనిపిస్తారు. ఊళ్లో మేనత్త పిల్లలు, పిన్ని పిల్లలు అంతా ఒకే పరుపు మీద పడుకుంటారు, ఒకే దువ్వెనతో జడలు వేసుకుంటారు. రంజాన్ పండగ తర్వాతా ఇంతే. మన పాతబస్తీలో తెలుగు ఇళ్లలో పేలు, ఈపులు అంటాం. ఉర్దూ ఇళ్లలో జూఁ, లీఖ్ అంటారు. పేరు ఏదైనా, ఆ మాట బయటికి చెప్పడానికి మాత్రం అందరం సిగ్గుపడతాం.

ముందుగా నా తప్పు ఒకటి చెబుతాను. బీఈడీ అయ్యాక ఇంతకు ముందు పనిచేసిన స్కూల్లో, ఒక పాప తలలో పేను కనిపిస్తే వెనక బెంచీలో ఒంటరిగా కూర్చోబెట్టాను. మిగతా పిల్లలకు మంచి చేస్తున్నాననే అనుకున్నాను. మర్నాటికే పిల్లలు ఆ పాపకు ఒక పేరు పెట్టేశారు. మూడో రోజు నుంచి పాప రాలేదు. వారం తర్వాత గుండుతో వచ్చింది. పేలు పోయాయి. కానీ ప్రశ్న అడగ్గానే చెయ్యెత్తే అలవాటు కూడా పోయింది. నేను చేసింది అనవసరమైన పని అని తర్వాత చదివి తెలుసుకున్నాను. అందుకే ఈ నెల పాఠం పిల్లలకు కాదు, మనకు.

పేను గురించి తెలియాల్సినవి

పెద్ద పేను నువ్వుగింజంత, అంటే 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటుంది. దానికి రెక్కల్లేవు, గెంతలేదు. పాకుతుంది, అంతే. తలకు తల ఆనినప్పుడే ఎక్కువగా అంటుకుంటుంది. దువ్వెన, స్కార్ఫ్, టోపీ ద్వారా రావడం తక్కువ. మనిషి రక్తమే దాని ఆహారం కాబట్టి తల వదిలితే ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది. కుక్క నుంచో పిల్లి నుంచో రాదు. శుభ్రమైన తలలోనూ పడుతుంది. ఇది మురికికి గుర్తు కాదు, పెంపకంలో లోపం అంతకంటే కాదు.

ఇంకో ముఖ్యమైన విషయం. పేలు మొదటిసారి పడినప్పుడు దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పట్టవచ్చు. అంటే ఈ రోజు మీ పాప తల గోక్కుంటే, పేను నెల కిందటే వచ్చి ఉండవచ్చు. పక్క బెంచీ పిల్ల నుంచే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. "ఎవరు అంటించారు?" అని వెతకడం వల్ల స్నేహాలు పోతాయి తప్ప పేలు పోవు.

ఎలా తీయాలి?

జుట్టు తడిపి, కండిషనరో కొబ్బరినూనో బాగా పట్టించి, సన్న పళ్ల పేల దువ్వెనతో కుదుళ్ల నుంచి చివరి దాకా పాయపాయగా దువ్వండి. ప్రతిసారీ దువ్వెనను తెల్ల కాగితం మీద తుడిచి చూడండి. ఇది 1, 5, 9, 13 రోజుల్లో చేయాలి. 17వ రోజున మళ్లీ ఒకసారి చూడాలి.

ఈ లెక్క ఎందుకంటే, ఈపు పగిలి పిల్ల పేను రావడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది. ఆ పిల్ల గుడ్లు పెట్టే వయసుకు రావడానికి మరో 9 రోజులైనా కావాలి. మొదటి రోజు దువ్వెనకు చిక్కని ఈపు కూడా పదో రోజుకల్లా పగులుతుంది. 13వ రోజున ఆ పిల్ల పేను దొరికిపోతుంది. ఒక్కసారి దువ్వి ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. పెర్మెత్రిన్ 1 శాతం లోషన్ వాడినా ఇంతే. ఆ మందు ఈపులను పూర్తిగా చంపదు. అందుకే డాక్టర్లు వారం, పది రోజుల్లో రెండోసారి పెట్టమంటారు. ఇంట్లో అందరి తలలూ ఒకే రోజు చూడండి.

దయచేసి కిరోసిన్ రాయొద్దు. చర్మం కాలుతుంది, పొయ్యి దగ్గర నిప్పంటుకోవచ్చు. చీమల చాక్‌పీస్ తలకు రుద్దొద్దు, అది పురుగుమందు. ఇల్లంతా మందు కొట్టించాల్సిన పని లేదు. దిండు గలీబులు, తువ్వాళ్లు, స్కార్ఫులు వేడినీళ్లలో ఉతికితే చాలు.

గజ్జి వేరే సంగతి

రాత్రి పడుకున్నాక దురద ఎక్కువై, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుం చుట్టూ పొక్కులుంటే గజ్జి అని అనుమానించండి. కంటికి కనిపించనంత చిన్న పురుగు చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల్లో చేర్చింది.

మెడికల్ షాపులో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ కలిసిన క్రీములు దురద తగ్గించి జబ్బును దాచేస్తాయి. డాక్టర్‌కు చూపించండి. దగ్గర్లోని బస్తీ దవాఖానాలో ఉచితంగా చూస్తారు. తగ్గకపోతే ఉస్మానియా జనరల్ ఆస్పత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. రాసిన క్రీమ్ సాధారణంగా మెడ నుంచి కాలివేళ్ల దాకా రాత్రి పూసి, పొద్దున కడగాలి. వారానికి మళ్లీ పూయాలి. చంటిపిల్లలకు ఎలా వాడాలో డాక్టర్నే అడగండి. దురద లేకపోయినా ఇంట్లో అందరూ ఒకే రాత్రి పూసుకోవాలి. నానమ్మను వదిలేస్తే నెల తిరక్కుండా అందరికీ మళ్లీ వస్తుంది. మందు పనిచేసినా దురద రెండు మూడు వారాలు ఉండవచ్చు, కంగారుపడొద్దు.

స్కూల్‌కు పంపాలా?

పేలుంటే పంపండి. పేల కారణంగా పిల్లలు బడి మానకూడదని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2022లోనూ చెప్పింది. గజ్జి అయితే మొదటిసారి మందు పూసిన మర్నాడు పంపవచ్చు.

క్లాస్ టీచర్‌కు ఒక్క మాట చెప్పండి, చాలు. నా క్లాసు సంగతి నేను చెప్పగలను: ఎవరి పేరూ బయటికి రాదు, ఎవరి బెంచీ మారదు. మీ ఇంట్లో కూడా పిల్లల ముందు ఫలానా అమ్మాయికి పేలున్నాయట అనే మాట రానివ్వకండి.

ఈ ఆదివారం ఎండ పడే చోట పది నిమిషాలు కూర్చుని మీ పిల్లల తల చూడండి. చెవుల వెనక, మెడ పైన ముందు వెతకండి. చుండ్రు ఊదితే రాలుతుంది; ఈపు వెంట్రుకను పట్టుకుని కదలదు. కనిపిస్తే కోప్పడకండి. క్యాలెండర్ మీద ఐదు తేదీలకు గుర్తులు పెట్టండి.

మీ
నాలుగో తరగతి క్లాస్ టీచర్