ఓమ్ని ఇంజిన్‌తో స్పోర్ట్స్ కారు

ప్రశ్న: మాది పెన్‌పహాడ్. వెల్డింగ్ షాపు ఉంది. పాత మారుతి ఓమ్ని ఇంజిన్ పెట్టి, పైపుల ఛాసిస్‌తో తేలికపాటి స్పోర్ట్స్ కారు కట్టాలని ఆశ. సూర్యాపేట దాకా నడపొచ్చా?

జవాబు: కట్టండి, కానీ రోడ్డెక్కించకండి, రేస్ ట్రాక్ మీదే నడపండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వది కారు నమూనాకు అధీకృత సంస్థ పరీక్ష తప్పనిసరి చేసింది. ఇంట్లో కట్టిన ఒక్క కారుకు ఆ ఖర్చు మోయలేం. ఓమ్ని ఆర్‌సీతో తిప్పుదామన్నా, ఆర్‌సీలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు.

ఓమ్నిని ఎంచుకోవడం మాత్రం నాకెంతో నచ్చింది. మారుతి 800లోనూ 796 సీసీ ఇంజినే, కానీ అక్కడ శక్తి ముందు చక్రాలకు వెళుతుంది. ఓమ్నిలో వెనక చక్రాలకు. 1957లో కాలిన్ చాప్‌మన్ తెచ్చిన లోటస్ సెవెన్ స్పోర్ట్స్ కారుదీ ఇదే పద్ధతి: ముందు ఇంజిన్, వెనక చక్రాలకు శక్తి, వీలైనంత తక్కువ బరువు. బరువు తగ్గితే చిన్న ఇంజినే హుషారుగా లాగుతుంది, టైర్లూ బ్రేకులూ త్వరగా అరగవు.

నా భయమంతా అతుకుల గురించే. గేటుకు వేసినట్టు పైపైన వెల్డింగ్ వేస్తే, మలుపుల్లో పడే ఒత్తిడికి అతుకు పక్కనే పగులు మొదలవుతుంది. సీమ్‌లెస్ పైపే వాడండి. ట్రాక్‌కు వెళ్లొచ్చిన ప్రతిసారీ అతుకులన్నీ తుడిచి, లైటు వేసి చూడండి. కారు బోల్తా పడితే తలను కాపాడే రోల్ బార్ హెల్మెట్ కంటే ఎత్తుగా ఉండాలి. పాత బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుని ఉంటుంది. వేడికి మరిగిందా, పెడల్ నేలకు జారిపోతుంది. ట్రాక్‌కు వెళ్లేముందు కొత్తది పోయండి.

చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలో ట్రాక్‌లున్నాయి. కారు ఫొటోలు పంపి ముందే అనుమతి అడగండి, లారీ మీదే తీసుకెళ్లండి. పోటీల్లో దిగాలంటే దేశంలో మోటారు క్రీడలను చూసే సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్సు కావాలి.