పూతలపట్టు – నాయుడుపేట – ఆర్కిటిక్

పోయిన సెమిస్టర్ ఎగ్జామ్స్ అయిపోయిన రాత్రి మా రూమ్మేట్ ఒక వీడియో పెట్టాడు. మంచుముక్కల మధ్య ఒక ఓడ మెల్లగా పోతూ ఉంటుంది. ఎర్ర జాకెట్లు వేసుకున్నవాళ్ళు రబ్బరు పడవల్లోకి దిగి, దూరంగా నడిచిపోయే తెల్ల ఎలుగుబంటిని చప్పుడు చేయకుండా చూస్తుంటారు. కింద టికెట్ రేటు చూసి వాడు, "మన నాలుగేళ్ళ ఫీజు కంటే ఎక్కువరా ఇది" అని ఫోన్ పక్కన పెట్టేశాడు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఆ రాత్రి మొదలుపెట్టి చదివిందే ఈ వ్యాసం.

ఆ ఓడల్ని ఎక్స్‌పెడిషన్ క్రూజ్‌లు అంటారు. మామూలు క్రూజ్‌లాగా స్విమ్మింగ్ పూల్, డాన్సు కోసం కాదు, జంతువుల్ని వాటి చోట్లోనే చూడడానికి పోయేవి. 1966లో లార్స్-ఎరిక్ లిండ్‌బ్లాడ్ అనే ఆయన మామూలు టూరిస్టుల్ని అంటార్కిటికాకి తీసుకుపోయాడు. ఈ వ్యాపారం అక్కడినుంచి పెరిగింది. 1991లో ఆ టూర్ కంపెనీలే ఒక సంఘం పెట్టుకుని రూల్స్ రాసుకున్నాయి. ఒక చోట ఒకేసారి 100 మందికి మించి ఒడ్డున దిగకూడదు. 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడ అసలు ఎవర్నీ దించకూడదు. పెంగ్విన్‌కి 5 మీటర్ల దూరంలో ఆగాలి. దిగే ముందు బూట్లు కడగాలి, ఎందుకంటే మన బూటు మట్టిలో ఒక్క గడ్డి విత్తనం పోయినా అక్కడ మొలవొచ్చు. ఉత్తరాన నార్వే వాళ్ళ స్వాల్‌బార్డ్ దీవుల్లో అయితే ఇది చట్టమే. 2025 జనవరి 1 నుంచి తెల్ల ఎలుగుబంటికి కనీసం 300 మీటర్లు, మార్చి నుంచి జూన్ చివరి దాకా 500 మీటర్ల దూరం పాటించాలి. లక్షలు పోసి పోయినా అర కిలోమీటరు అవతల్నించి చూడాల్సిందే. నాకు ఈ రూల్ బాగా నచ్చింది.

ఇదంతా చదువుతుంటే ఒకచోట తైమిర్ అనే పేరు తగిలింది. రష్యాకి ఉత్తరాన, ఆర్కిటిక్ సముద్రంలోకి పొడుచుకొచ్చిన ద్వీపకల్పం అది. దాని పైన సెవెర్నయా జెమ్ల్యా అనే మంచుదీవులు. ఆ తైమిర్ బురదనేలల్లో గుడ్లు పెట్టే పిట్టల లిస్టు చూస్తూ, వాటి శీతకాలం అడ్రస్ చదివి ఆగిపోయాను. భారతదేశపు తూర్పు తీరం అని ఉంది. అంటే పులికాట్ కూడా!

మన ఊరి పేరుతో మొదలయ్యే రోడ్డు ఒకటుంది కదా, పూతలపట్టు–నాయుడుపేట రోడ్డు. యాక్సిడెంట్ వార్తల్లో తప్ప దాని పేరు ఎవరూ తలవరు. తిరుపతి, రేణిగుంట, ఏర్పేడు, శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట చేరి, అక్కడ చెన్నై వైపు తిరిగితే దొరవారిసత్రం, నేలపట్టు, తర్వాత సూళ్ళూరుపేట. అక్కడినుంచి శ్రీహరికోటకి పోయే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే పోతుంది. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. రోడ్డుకి రెండు పక్కలా నీళ్ళు, బురద. ఆ బురదలో ఆర్కిటిక్ ఉంది.

పులికాట్ అంటే అందరికీ ఫ్లెమింగోలే గుర్తొస్తాయి, నేలపట్టు అంటే గూడబాతులు. పండగ కూడా ఫ్లెమింగో పేరు మీదే చేస్తారు. అవి అందమైనవే, కాదనను. కానీ అవి ధ్రువం నుంచి రావు. ధ్రువం నుంచి వచ్చేవి వాటి కాళ్ళ దగ్గర అటూ ఇటూ పరుగెత్తే బూడిదరంగు చిన్న పిట్టలు. మనవాళ్ళు ఈ రకం అన్నింటినీ కలిపి ఉల్లంకి పిట్టలంటారు. వాటిలో లిటిల్ స్టింట్ అనేది ఉంటుంది, బరువు పాతిక గ్రాములు. మీ చేతిలో ఉన్న ఫోన్ తూకం వేస్తే అందులో ఏడెనిమిది స్టింట్లు వస్తాయి. ఇంకోటి కర్లూ సాండ్‌పైపర్, 60 గ్రాముల దాకా తూగుతుంది, ముక్కు కిందికి వంగి ఉంటుంది. పులికాట్ నుంచి తైమిర్‌కి గీత గీస్తే దాదాపు 6,800 కిలోమీటర్లు. అది మ్యాప్ మీద లెక్క, పిట్ట ఎగిరేది ఇంకా ఎక్కువే.

ఇంత చిన్న పిట్ట ఎక్కడికి పోయిందో ఎట్లా తెలుస్తుంది? కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి అసలు పాఠం ఇక్కడే ఉంది.

పాత పద్ధతి రింగు. పిట్టని పట్టుకుని కాలికి నెంబరున్న అల్యూమినియం రింగు వేసి వదుల్తారు. తమిళనాడులో కోడియక్కరై దగ్గర బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు దశాబ్దాలుగా ఈ పని చేస్తున్నారు. దీంట్లో మనకి దొరికేవి రెండే పాయింట్లు, వేసిన చోటు, మళ్ళీ దొరికిన చోటు. మధ్య దారి తెలియదు. జీపీఎస్ పెడదామంటే బరువు. పిట్ట బరువులో మూడు నుంచి ఐదు శాతం మించి మోయించకూడదని అందరూ పాటించే లెక్క. పాతిక గ్రాముల పిట్టకి అది ఒక గ్రాము చుట్టుపక్కల. అందులో బ్యాటరీ, ఏంటెన్నా, ట్రాన్స్‌మిటర్ అన్నీ పట్టాలి.

అందుకని ఎవరో తెలివైనవాళ్ళు పొజిషన్ కొలవడమే మానేశారు. జియోలొకేటర్ అనే ఈ పరికరంలో ఉండేది ఒక లైట్ సెన్సర్, ఒక గడియారం, కాస్త మెమరీ. అంతే. వెలుతురు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పోయింది అని రాసుకుంటూ పోతుంది. ఆ రెండు టైములతో భూమి మీద చోటు కనుక్కోవచ్చు.

లెక్క చూడండి. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే ఒక డిగ్రీకి 4 నిమిషాలు. సూర్యోదయానికీ సూర్యాస్తమయానికీ సరిగ్గా మధ్య టైము ఆ చోట మధ్యాహ్నం. పులికాట్ రేఖాంశం సుమారు 80 డిగ్రీలు. 80 ఇంటూ 4 అంటే 320 నిమిషాలు, కాబట్టి గ్రీనిచ్ గడియారంలో ఉదయం 6:40కి అక్కడ మిట్టమధ్యాహ్నం. పిట్ట గడియారంలో మధ్యాహ్నం 5:20కి జరిగిపోయిందనుకోండి, అది 100 డిగ్రీలకి చేరిందన్నమాట. తైమిర్ ఆ రేఖాంశం మీదే ఉంటుంది. సూర్యుడు ఏడాదిలో కొన్ని నిమిషాలు ముందు వెనకలవుతాడు, అది టేబుల్ చూసి సరిచేసుకుంటారు.

అక్షాంశానికి పగటి పొడవు. డిసెంబరు చివర్లో పులికాట్‌లో పగలు 11 గంటల 20 నిమిషాలు. జూన్‌లో 13 గంటలకి దగ్గర. పైకి పోయేకొద్దీ జూన్ పగలు పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి తేదీ, పగటి పొడవు తెలిస్తే అక్షాంశం వచ్చేస్తుంది.

ఒక చిక్కుంది. మార్చి 21, సెప్టెంబరు 23 దగ్గర ప్రపంచమంతా పగలు 12 గంటలే. పులికాట్‌లోనూ 12, తైమిర్‌లోనూ 12. ఫంక్షన్‌కి ఇన్వర్స్ లేదు! ఆ రోజుల చుట్టూ రేఖాంశం తెలుస్తుంది గానీ అక్షాంశం తెలియదు. తమాషా ఏమంటే పిట్టలు దక్షిణానికి దిగే టైము కూడా సెప్టెంబరే.

రెండో చిక్కు నాకు చాలా ఇష్టమైనది. తైమిర్‌లో మే నుంచి ఆగస్టు మొదటి వారం దాకా సూర్యుడు అస్తమించడు. సెన్సర్‌కి చీకటే దొరకదు. గ్రాఫ్ పైకిపోయి అక్కడే గీతలాగా నిలబడిపోతుంది. లెక్క ఫెయిల్ అయినట్టే, కానీ ఆ ఫెయిల్యూరే జవాబు. ఎర్రర్ వచ్చిందంటే పిట్ట ఇంటికి చేరింది.

ఈ పరికరం సిగ్నల్ పంపదు. డేటా కావాలంటే ఏడాది తర్వాత అదే పిట్టని మళ్ళీ పట్టుకోవాలి. ఇది కుదురుతోందంటే కారణం, ఈ పిట్టలు చాలావరకు ఏటా అదే బురదకి తిరిగి రావడం.

సరే, అక్కడ ఏం జరుగుతుంది? కర్లూ సాండ్‌పైపర్‌లో మగది జత కట్టిన కొద్ది రోజులకే దక్షిణానికి బయల్దేరుతుంది. గుడ్లు పొదగడం, పిల్లల్ని కాయడం అంతా ఆడదే. పిల్లలు పుట్టినరోజు నుంచే సొంతంగా పురుగులు ఏరుకుని తింటాయి. తర్వాత తల్లి కూడా వెళ్ళిపోతుంది. పిల్లలు చివర్లో, దారి చూపేవాళ్ళు లేకుండా, ఎప్పుడూ చూడని ఊరికి బయల్దేరతాయి. మనం కౌన్సెలింగ్‌కి నాన్నని వెంటబెట్టుకుని పోయాం.

ఆ పిల్లల్లో ఎన్ని బతుకుతాయనేది లెమ్మింగ్ అనే ఎలుక చేతిలో ఉంది. మూడు నాలుగేళ్ళకొకసారి లెమ్మింగ్‌లు విపరీతంగా పెరిగి, తర్వాత పడిపోతాయి. ఎలుకలు బాగా ఉన్న ఏడు ఆర్కిటిక్ నక్కలు వాటినే తింటాయి, పిట్టల జోలికి పెద్దగా రావు. ఎలుకలు లేని ఏడు గుడ్లూ పిల్లలూ ఖాళీ. ఆ శీతకాలం వేలమైళ్ళ దూరంలో, దక్షిణాఫ్రికా తీరంలో, కొత్త పిల్లలు తక్కువ కనిపిస్తాయని లెక్కలు వేసి చూపించారు. ఇప్పుడు నార్వేలో, గ్రీన్‌లాండ్‌లో మంచు పడే తీరు మారి ఆ ఎలుకల లయే తప్పిపోయింది.

ఇంకో పరిశోధన 2016లో సైన్స్ పత్రికలో వచ్చింది. తైమిర్‌లో పుట్టే రెడ్ నాట్ అనే పిట్ట మీద. 33 ఏళ్ళ ఉపగ్రహ చిత్రాల్లో అక్కడ మంచు ఏటా సుమారు అరరోజు ముందుగా కరుగుతోంది. పురుగులు ముందే వచ్చి పోతాయి, పిల్లలకి తిండి చాలదు, ఒళ్ళు చిన్నదవుతుంది, ముక్కు పొట్టిదవుతుంది. దాని ఫలితం ఆర్కిటిక్‌లో కనబడదు. ఆ పిట్ట ఆఫ్రికాలో మారిటానియా తీరానికి పోయాక, బురద లోతులో ఉన్న గవ్వపురుగుల్ని ఆ పొట్టి ముక్కు అందుకోలేక అక్కడ చచ్చిపోతుంది. తప్పు ఒక చోట, క్రాష్ ఇంకోచోట. డీబగ్ చేసినవాళ్ళకి ఈ బాధ తెలుసు.

జనవరిలో ఒక ఆదివారం మేం ముగ్గురం పులికాట్ పోయాం. బైనాక్యులర్ లేదు, ఫోన్ జూమ్ ఒకటే గతి. రోడ్డు పక్కన వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి, "ఏంది నాయనా, పెద్ద పిట్టలు ఆ పక్క ఉండాయి, ఈడేం చూస్తా ఉండారు?" అన్నాడు.

"ఈ చిన్నవాటినే తాతా."

"అవా? అవి ఎప్పుడూ ఉండేవే."

ఎండాకాలంలో కూడా ఉంటాయా అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఎండలకి నీళ్ళే ఉండవు, మేమే రాము. ఎవరు చూసినారు?" అని నవ్వాడు. తర్వాత ఆయనే ముఖద్వారం సంగతి ఎత్తాడు. సముద్రం నీళ్ళు లోపలికి వచ్చే రాయదొరువు దగ్గర ఇసుక మేట వేసి, నీళ్ళు రాక, చేప రాక, ఎన్నాళ్ళుగా అడుగుతున్నారో చెప్పాడు. మేం పిట్టల గురించి వచ్చాం, ఆయన బతుకు గురించి మాట్లాడాడు, చూస్తే రెండూ ఒకటే నీళ్ళు. స్టింట్ ముక్కు రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. మడమ తడిసేంత నీళ్ళు, మెత్తటి బురద ఉంటేనే దానికి తిండి. సరస్సు ఎండి పెచ్చులు కట్టినా, ఒడ్డు పూడ్చి రొయ్యల గుంట కట్టినా దానికి ఒకటే. ఫ్లెమింగోకి పొడవు కాళ్ళున్నాయి, ఇంకాస్త లోతుకి పోయి నిలబడుతుంది. 2024లో ఐయూసీఎన్ కర్లూ సాండ్‌పైపర్‌ని వల్నరబుల్ జాబితాలోకి మార్చింది. స్వాల్‌బార్డ్‌లో ఎలుగుబంటికి 300 మీటర్లు వదిలే చట్టం ఉంది. ఇక్కడ ఈ పిట్ట పక్కనే మేం చిప్స్ కవర్లు తొక్కుకుంటూ నిలబడ్డాం.

మేం అక్కడుండగానే శ్రీహరికోట బస్సులు పోతున్నాయి. 2025 జూలై 30న ఆ దీవి నుంచే నైసార్ ఉపగ్రహం పైకి పోయింది. ధ్రువాల మీదుగా తిరుగుతూ మంచు కదలికల్ని కొలిచే ఉపగ్రహం అది. ఆ టైములో పులికాట్ పిట్టలు చాలావరకు ఆ మంచు దేశంలోనే ఉంటాయి, లేదా తిరుగుదారిలో.

మీరు పోతే ఏప్రిల్ మొదట్లో పోండి, పొద్దున్నే. ఎండ తక్కువుంటుంది, పిట్టలు ఒడ్డుకి దగ్గరగా ఉంటాయి. బూడిదరంగు గుంపులో అక్కడక్కడ ఇటుకరంగుకి తిరుగుతున్నవి కనిపిస్తాయి. అది పెళ్ళిబట్ట. ఆ రంగు వేసుకున్న కర్లూ సాండ్‌పైపర్ ఇంకొన్ని వారాల్లో బయల్దేరిపోతుంది. రంగు మారకుండా బూడిదగానే ఉన్నవాటిలో చాలావరకు పోయిన ఏడు పుట్టిన పిల్లలు. వాటిలో ఎక్కువ ఈ ఏడు పోవు, ఇటువైపే ఉండిపోతాయి. తాత అన్నది పూర్తిగా తప్పేమీ కాదు.