బాక్స్‌స్టర్ కొన్న మేనల్లుడికి

నర్సీపట్నం



నీ కారు హైదరాబాద్‌లో బయల్దేరకముందే దాని కబురు మన అబీద్ సెంటర్‌కు చేరిపోయింది. ఎర్ర రంగట, రెండే సీట్లట, మీట నొక్కితే పైకప్పు మడుచుకుపోతుందట. ఆ వెంటనే అసలు ప్రశ్న వచ్చింది: "ఏటి, వాళ్ల బాబు కొనిచ్చాడేటి?" ఇరవై ఏడేళ్ల కుర్రాడు ఉద్యోగం చేసి, కొంత దాచి, కొంత అప్పు తెచ్చి సెకండ్ హ్యాండ్ పోర్షే బాక్స్‌స్టర్ కొనుక్కున్నాడని మీ అమ్మ అందరికీ చెప్తూనే ఉంది. నమ్మినవాళ్లు తక్కువ. అదే కారు ఏ యాభై అయిదేళ్ల కాంట్రాక్టరో కొంటే ఇదే సెంటర్ "కష్టపడ్డాడు, అనుభవిస్తున్నాడు" అని మెచ్చుకునేది. ఆ డబ్బు ఎక్కడిదని అడిగేవాడే ఉండడు.

ఇది అన్యాయమే. కుర్రాడికో కొలత, పెద్దాయనకో కొలత పెట్టడం మీ మావయ్యకు ఎప్పుడూ నచ్చలేదు. అయితే ఆ అనుమానం ఊరికే పుట్టలేదని నువ్వు తెలుసుకోవాలి. తెలిస్తే కోపం తగ్గుతుంది, జాగ్రత్త పెరుగుతుంది.

తెలుగువాళ్లకు కొన్ని వార్తలు ఇప్పటికీ మరపున పడలేదు. 2011 సెప్టెంబరులో క్రికెటర్ అజహరుద్దీన్ కొడుకు అయాజుద్దీన్ హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద వెయ్యి సీసీ సుజుకీ బైకుతో ప్రమాదంలో పడ్డాడు. వయసు పంతొమ్మిది. వెంట ఉన్న బంధువు ఇంకా చిన్నవాడు. ఇద్దరూ దక్కలేదు. 2017 మే 10 తెల్లవారుజామున జూబ్లీహిల్స్‌లో అప్పటి మంత్రి నారాయణ కొడుకు నిషిత్ ప్రయాణిస్తున్న బెంజ్ మెట్రో పిల్లరును ఢీకొంది. అతనూ, స్నేహితుడూ పోయారు. ఆ రోజుల్లో పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఇదే మాట. ఇక 2024 మే 19న పుణేలో పదిహేడేళ్ల అబ్బాయి చేతిలోని పోర్షే టైకాన్, బైకు మీద వెళ్తున్న ఇద్దరు యువ ఇంజినీర్ల ప్రాణాలు తీసింది. ఆ కారుకు శాశ్వత రిజిస్ట్రేషన్ కూడా పూర్తికాలేదు. ఆ అబ్బాయికి బెయిల్ ఇస్తూ బాలల న్యాయమండలి మూడు వందల పదాల వ్యాసం రాయమనడంతో దేశమంతా భగ్గుమంది.

పోర్షే అన్న పేరు మన ఊళ్లో చాలామంది మొదటిసారి విన్నది ఆ వార్తలోనే. ఇప్పుడదే పేరున్న కారు వేసుకుని నువ్వు పెదబొడ్డేపల్లి దాటి ఊళ్లోకి వస్తున్నావు. వాళ్లు చూసేది నిన్ను కాదు, ఆ వార్తను.

సరే, మరి తప్పంతా వయసుదేనా? కాదు. 2018 ఆగస్టు 29న నందమూరి హరికృష్ణ నల్గొండ జిల్లాలో కారు బోల్తాపడి చనిపోయారు. అప్పటికి ఆయనకు అరవై ఒక్కేళ్లు. ఎన్టీఆర్ పార్టీ పెట్టిన కొత్తలో ఊరూరా తిరిగిన చైతన్య రథానికి సారథి ఆయనే. ఎండల్లో, వానల్లో, కిక్కిరిసిన జనం మధ్య వేల కిలోమీటర్లు నడిపిన చెయ్యి అది. అంతటి డ్రైవరు ఆ ఉదయం సీటు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. కారు పల్టీ కొట్టినప్పుడు బయటికి విసిరేసినట్టు పడిపోయారు. ఆర్టీసీలో స్టీరింగ్ పట్టి బతికిన మీ మావయ్యను ఇన్నేళ్లలో ఇంతగా కలచివేసిన వార్త మరొకటి లేదు. అనుభవం ఎంతున్నా బెల్టు బెల్టే. ఎయిర్ బ్యాగు కూడా బెల్టు పెట్టుకున్న మనిషినే సరిగా కాపాడుతుంది.

దీనికి జోడుగా ఇంకొకటి చెప్పాలి. 2021 సెప్టెంబరు 10న హీరో సాయి ధరమ్ తేజ్ హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి దాటాక ట్రయంఫ్ బైకు మీంచి పడ్డాడు. ఆయన ఇంకా స్పృహలోకి రాకముందే టీవీల్లో తీర్పులు మొదలయ్యాయి. సీసీ కెమెరా దృశ్యాల్లో రోడ్డు మీది ఇసుకలో బండి జారడం కనిపించింది. పోలీసులు వేగం మీద కేసూ పెట్టారు. వేగం సంగతి ఎలా ఉన్నా, తలకు హెల్మెట్ ఉండబట్టే మనిషి మిగిలాడు. ఊరి నోటికి మూత పెట్టడం ఎవరి తరమూ కాదు. బెల్టు పెట్టుకోవడం, హెల్మెట్ పెట్టుకోవడం నీ చేతిలో ఉన్న పని.

లెక్కలు కూడా చూడు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక. ప్రతి పది మరణాల్లో ఏడింటికి కారణం అతివేగం. చనిపోయినవాళ్లలో మూడింట రెండొంతుల మంది పద్దెనిమిది నుంచి నలభై అయిదు ఏళ్ల లోపువాళ్లు. అమెరికాలో కిలోమీటరుకు ఇంత అని లెక్కగడితే, టీనేజీ డ్రైవర్ల ప్రాణాంతక ప్రమాదాల రేటు ఇరవై దాటినవాళ్ల కంటే దాదాపు మూడు రెట్లు. డెబ్బై దాటాక ఆ గీత మళ్లీ పైకి లేస్తుంది. అంటే కుర్రతనానికి ముప్పుంది, ముసలితనానికీ ముప్పుంది. ఇంగ్లండులో బీమా కంపెనీలు ఈ లెక్క చూసే కుర్రాళ్ల దగ్గర ప్రీమియం భారీగా గుంజుతాయి. మరికొన్ని కారులో చిన్న పెట్టె బిగించి, ఎంత వేగంతో వెళ్లాడు, బ్రేకు ఎలా నొక్కాడు అన్నది గమనించి రేటు కడతాయి. మన దగ్గర థర్డ్ పార్టీ ప్రీమియానికి వయసుతో పనే లేదు. ఇంజను సీసీని బట్టి ఉంటుంది. పదిహేను వందల సీసీ దాటిన కారుకు 2022 జూన్‌లో నిర్ణయించిన రేటు ఏడాదికి 7,897 రూపాయలు. నీకూ అంతే, ఆ కాంట్రాక్టరుకూ అంతే. బీమా కాగితం నీ వయసు అడగదు గనక, ఆ లెక్క నువ్వే వేసుకోవాలి.

ఈ వయసు సంగతి అందరికంటే బాగా తేల్చిచెప్పింది రేసింగ్ లోకమే. మాక్స్ వెర్స్టాపెన్ 2015లో పదిహేడేళ్లకే ఫార్ములా వన్ కారు ఎక్కాడు. ట్రాకు మీద గంటకు మూడు వందల కిలోమీటర్లతో దూసుకెళ్లిన ఆ కుర్రాడికి మామూలు రోడ్డు మీద ఒంటరిగా కారు నడిపే లైసెన్సు అప్పటికి లేదు. పద్దెనిమిదో పుట్టినరోజు నాడు గానీ చేతికి రాలేదు. దాని తర్వాత ఆ క్రీడను నడిపే ఎఫ్ఐఏ, పద్దెనిమిదేళ్లు నిండాలి, రోడ్డు లైసెన్సూ ఉండాలి అని 2016లో నిబంధన అమల్లోకి తెచ్చింది. అవతలి కొసన హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ ఉన్నాడు. 1995లో డెబ్బై ఏళ్ల వయసులో డేటోనా ఇరవై నాలుగు గంటల రేసులో తన జట్టుతో కలిసి తమ తరగతిలో విజేతగా నిలిచాడు. పదిహేడైనా డెబ్బై అయినా వేగానికి తావు ట్రాకు. అక్కడ ఎదురుగా ఆటో రాదు, గేదె రాదు, బడి వదిలిన పిల్లలు రారు.

ట్రాకు మనకు దూరం అనకు. కోయంబత్తూరులో తరాలుగా స్థిరపడ్డ తెలుగు నాయుళ్ల కుటుంబంలో పుట్టిన కరివర్ధన్ అనే ఆయన, మారుతి ఎనిమిది వందల సీసీ ఇంజనుతో తక్కువ ఖర్చులో ఫార్ములా మారుతి రేసు కారు తయారుచేశాడు. డబ్బున్నవాళ్ల ఆటను మామూలు కుర్రాళ్ల దగ్గరికి తెచ్చిన మనిషి ఆయన. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. ఆయన పేరుమీదే 2003లో కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే వెలిసింది. నరేన్ కార్తికేయన్ మొదట రేసుకు దిగింది ఫార్ములా మారుతిలోనే. 2005లో అతను ఫార్ములా వన్ నడిపిన తొలి భారతీయుడయ్యాడు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఇంకో ట్రాకుంది. నీ కారు ఏం చేయగలదో చూడాలన్న కోరిక తప్పు కాదు. ఆ కోరిక లేనివాడు బాక్స్‌స్టర్ కొనడు. శిక్షణ ఇచ్చే రోజు చూసుకుని డబ్బు కట్టి అక్కడికి వెళ్లు. ఒక పూట నేర్పించే మనిషి పక్కన కూర్చుంటే నీ చెయ్యి ఎక్కడ తడబడుతోందో నీకే తెలుస్తుంది. హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ రేసు జరిగిందని ఆ నెక్లెస్ రోడ్డు నీ సొంతం అనుకోకు. ఆ రోజు కంచెలు కట్టారు, అంబులెన్సులు పెట్టారు, జనాన్ని ఆపారు. మిగతా రోజుల్లో అది పిల్లాజెల్లా తిరిగే రోడ్డు. రోడ్డు మీద పందెం పెడితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ.

అదే కోయంబత్తూరులో నీకు ఆదర్శంగా చెప్పదగ్గ కుర్ర యజమాని ఒకాయన ఉండేవాడు. జి.డి.నాయుడు. 1893లో పుట్టిన తెలుగు రైతుబిడ్డ. ఊళ్లోకి వచ్చిన ఒక దొరగారి రడ్జ్ మోటార్ సైకిలును చూసి మనసు పారేసుకున్నాడు. హోటల్లో సర్వరుగా చేరి, పైసా పైసా కూడబెట్టి, దాన్ని కొన్నాడు. కొన్నాక ఊరి ముందు తిప్పుకోలేదు. ఏ ముక్కకా ముక్క విప్పి, మళ్లీ బిగించి, అది ఎలా పనిచేస్తుందో నేర్చుకున్నాడు. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టాడు. తర్వాత పెద్ద రవాణా సంస్థ, మోటార్లు, యంత్రాలు, సాంకేతిక విద్యాసంస్థలు. అప్పుడు కూడా ఊళ్లో ఎవడో ఒకడు "సర్వరుకు మోటార్ సైకిలెందుకు" అనే ఉంటాడు.

నువ్వు కూడా నీ బండిని అలా తెలుసుకో. బాక్స్‌స్టర్‌కు ఇంజను సీట్ల వెనకుంటుంది, తోసేవి వెనక చక్రాలు. ఇన్నాళ్లూ నువ్వు నడిపిన చిన్న కార్లకు ముందు చక్రాలు లాగేవి. తడి రోడ్డు మీద మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటరు మీంచి కాలు ఒక్కసారి తీసేస్తే నీ బండి వెనక భాగం పక్కకు జారుతుంది. వేగం తగ్గించేదేదో మలుపుకు ముందే తగ్గించు. బండి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ కంట్రోలును మాత్రం ఆపేయకు.

డిసెంబరు వస్తే నీ స్నేహితులు లంబసింగి మంచు చూద్దామంటారు. వెళ్లు, తప్పులేదు. కానీ డౌనూరు దాటాక ఆ ఘాట్ మీద బస్సు నడిపిన మీ మావయ్య మాట విను. ఎక్కేటప్పుడు ఏ గేరు పట్టిందో దిగేటప్పుడు కూడా అదే గేరు. బ్రేకు మీదే కాలు వేసి దిగితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. ఎక్కే బండికి దారి ఇవ్వాలి, చట్టమూ అదే చెప్తుంది. తెల్లవారుజామున మంచులో హెడ్ లైటు పెద్దది వేస్తే ఎదుట తెల్లటి గోడ తప్ప ఏమీ కనబడదు, చిన్నది వెయ్యి. అన్నిటికంటే ముఖ్యం, సంత రోజుల్లో గిరిజనులు నెత్తిన మూటలతో రోడ్డు అంచున నడిచి వస్తారు. ఆ దారి మనకంటే ముందు వాళ్లది. నీ సైలెన్సరు మోతకు ఒక ముసలమ్మ ఉలిక్కిపడి పక్కకు తూలిందంటే, ఊరు నీ గురించి అనుకున్న మాటలన్నీ ఆ క్షణంలో నిజమైపోతాయి.

ఇంకొక్క సంగతి, ఇది గట్టిగానే చెప్తున్నాడు మావయ్య. మీ తమ్ముడు ఇంటర్ మొదటి సంవత్సరం. తాళం ఎక్కడ పెడతావో వాడి కళ్లు అక్కడే ఉంటాయి. "వీధి చివరి దాకా అన్నయ్యా" అంటాడు. ఇవ్వకు. 2019లో చట్టానికి చేర్చిన 199ఏ సెక్షను ప్రకారం మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకుడో, బండి యజమానో బాధ్యుడు. పాతిక వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు, ఆ పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. బండి నీ పేరు మీద ఉంది. ఊరంతా నిన్ను కుర్రాడంటున్నా, ఆ తాళం దగ్గర మాత్రం పెద్దవాడివి నువ్వే.

ఊళ్లో పిల్లలు ఫొటోలకు ఎగబడతారు. విసుక్కోకుండా కూర్చోబెట్టి తీయించు. మన పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివే కుర్రాళ్లకు సీట్ల వెనక ఇంజను పెట్టిన కారును చేత్తో తాకి చూసే అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుందో! ఒక పూట అక్కడికి తీసుకెళ్దాం, ప్రిన్సిపాల్‌తో మావయ్య మాట్లాడతాడు.

బయల్దేరే ముందు నాలుగు టైర్ల పక్కలూ ఫొటో తీసి పంపు. అక్కడ నాలుగంకెలు కనిపిస్తాయి. మొదటి రెండూ టైరు తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 1719 అని ఉంటే 2019లో పదిహేడో వారం. "బండి తక్కువ తిరిగింది సార్, టైర్లు కొత్తగానే ఉన్నాయి" అని అమ్మినవాడు చెప్పి ఉంటాడు. గ్యారేజీలో నిలబెట్టినా రబ్బరు ముదిరిపోతుంది, గాళ్లు లోతుగా కనబడినా పట్టు ఉండదు. ఆరేళ్లు దాటినవైతే కారు అక్కడే ఉంచి నువ్వు రైలెక్కు. తుని స్టేషనుకు మావయ్య బండి వేసుకుని వస్తాడు. టైర్లు మార్పించాక రెండోసారికి కారులో రావచ్చు.

ఇట్లు,
మీ మావయ్య