ప్రశ్నలు - జవాబులు: పరదేశమున, పరుల యింట

ప్రశ్న: మావాడు మెల్‌బోర్న్‌లో చదువుచు అక్కడి కుటుంబమువారి యింట నుంటున్నాడు. భోజనముతో కలిపి వారమున కింత యని సొమ్ము కట్టుచున్నాము. సాయంత్రము ఆరున్నరకే భోజనము ముగియునట. రెండు రొట్టెముక్కలు, కొంచెము ఉడికిన కూర. రాత్రి ఆకలితో పడుకొనుచున్నాడు. అడుగుటకు మొహమాటమట. ఇల్లు మారమందునా? - ఒక తల్లి, ఆలూరు.

జవాబు: అమ్మా, ఇల్లు మారనక్కరలేదు, మీవాడు నోరు విప్పిన చాలును. ఇట్టి జాబులు నాకు తఱచుగా వచ్చుచున్నవి. అన్నింటను ఆకలియు బిడ్డదే, మొహమాటమును బిడ్డదే, నింద మాత్రము ఆ యింటి యిల్లాలిది. 1888లో లండను చేరిన గాంధీమహాత్ముడు వెస్ట్ కెన్సింగ్టనులో ఒక వితంతువు ఇంట బసచేసినపుడు, ఆమె ప్రతిదినము భోజనము రుచించినదా యని యడుగుచున్నను, మారు వడ్డింపుమనుటకు సిగ్గుపడి, ఆమె కూతుండ్రు బలవంతముగా వేసిన ఒకటి రెండు ముక్కలతో సరిపెట్టుకొనె ననియు, నిజమునకు నిండు రొట్టె యైననేగాని కడుపు నిండెడిది కాదనియు తన ఆత్మకథలో తానే వ్రాసికొన్నాడు. పట్టణమున శాకాహార భోజనశాలలు కలవని తెలిపిన దెవ్వరనుకొన్నారు? ఆ యింటావిడయే.

వెనుకటి దినములలో పేద విద్యార్థులు వారములు చేసికొని, దినమున కొక యింట భుజించి చదువుకొనెడివారు. అది ధర్మముగా పెట్టిన అన్నము గనుక పెట్టినది తిని లేచుటే మర్యాద. మీవాడు తినునది సొమ్మిచ్చి తినునది. ఆ అణకువ ఇక్కడ అక్కరకు రాదు. మనయింట మూడుమారులు వలదన్నను వడ్డించుచునే యుందురు. అక్కడ ఒక్కమారు చాలునన్నచో గిన్నె లోనికి పోవును. ఒప్పంద పత్రమున ఏ పూటల భోజనము చేరియున్నదో చూచుకొని, ఇంకొంచెము కావలెనని అడుగుమనుడు. ఆదివారమున వంటయిల్లు గంటసేపు అడిగి పుచ్చుకొని, బొరుగులు నానవేసి పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలతో పోపుపెట్టి, పైన పుట్నాలపొడి చల్లి, ఉగ్గాని వారికిని పెట్టుమనుడు. వానికి వంట రాదందురా? అప్పుడు తప్పు నిస్సందేహముగా మీదే. తిన్న కంచమైనను తీయనీయక పెంచిన కొడుకును సముద్రములు దాటించి, పరాయి యిల్లాలు తల్లివలె కనిపెట్టి వడ్డింపవలెనని కోరుట ఏమి న్యాయము? పాసుపోర్టుకంటె ముందు వానికి గరిటె ఇచ్చియుండవలసినది.

ప్రశ్న: ఆస్ట్రేలియా పోవు మా అమ్మాయి వెంట చెనిక్కాయలపొడి ఇచ్చి పంపవచ్చునా? - ఆదోని.

జవాబు: ఇచ్చి పంపుడు, విమానము దిగునపుడు తిండివస్తువులు కలవని దాచక చెప్పుమనుడు, దాచినచో జరిమానా తప్పదు.

ప్రశ్న: ఇంటి యజమానురాలిని పేరుపెట్టి పిలువుమనుచున్నారు. పెద్దావిడ గదా? - గుంతకల్లు.

జవాబు: ఆమె కోరినట్లే పిలువుము.

ప్రశ్న: నాలుగు నిమిషములలో స్నానము ముగింపుమని మా తమ్మునికి మెల్‌బోర్న్‌లోని ఇంటివారు చెప్పిరి. ఇది అవమానము కాదా? - ఆలూరు.

జవాబు: ఆలూరివారు అడుగవలసిన ప్రశ్నయా ఇది! వేసవి వచ్చినదనిన బిందెలు వరుసపెట్టు సీమలో పుట్టి, నీటిని పొదుపు చేయుమన్నవారిపై అలుగుదురా? అక్కడను ఏండ్లకొలది అనావృష్టి పట్టి, మనిషికి దినమునకు 155 లీటర్లు మించవలదని 2008లో మెల్‌బోర్న్ పౌరులను కోరవలసివచ్చినది. ఆ భయము నెఱిగినవారు గనుకనే గడియారము చూచెదరు. మీ తమ్ముని ఒక బక్కెట్టు కొనుక్కొమ్మనుడు. బక్కెట్టెడు నీటితో తలంటుకూడ ముగించువాడు ఆ యింట ఎవ్వరికిని బరువు కాడు.