బాబుకు ఆపరేషన్ అయింది – కట్టు జాగ్రత్తలు

తల్లిదండ్రులారా!

కొందరు మగబిడ్డలకు పుట్టుకతోనే మూత్రరంధ్రం అంగం కొనన ఉండక కిందివైపు ఉంటుంది. దీనిని హైపోస్పేడియాస్ అంటారు. ఇది తల్లి తప్పూ కాదు, తండ్రి తప్పూ కాదు. సాధారణంగా 6 నుండి 18 నెలల వయసులో ఆపరేషన్ చేసి సరిచేస్తారు. అంతవరకు సున్తీ చేయించరాదు. ఆ చర్మం ఆపరేషన్‌కు అవసరం కావచ్చు.

ఆపరేషన్ డాక్టరుగారి పని. ఆ తర్వాత పుండు మానేదాకా కాపాడడం మీ ఇద్దరి పని.

కట్టు ఎందుకు?

వాపు తగ్గడానికి, రక్తం కారకుండా ఉండడానికి, మలం తగలకుండా ఉండడానికి. కొందరు డాక్టర్లు కట్టు వేయరు. "మా వాడికి వేయలేదే" అని బెంగ వద్దు. సన్నని గొట్టం పెడితే, కొత్త దారి మానేవరకు మూత్రం దానిగుండా పోతుంది.

ఇలా చేయండి

1. కట్టు ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.
2. మలం అంటితే తడిగుడ్డతో మెల్లగా తుడవండి. తుడుపు ముందునుండి వెనక్కి సాగాలి.
3. గొట్టం మెలిపడకుండా, లాగబడకుండా చూడండి. మొలతాడు కొన్నాళ్లు తీసి ఉంచండి.
4. పాలు, నీళ్లు బాగా పట్టండి. మలబద్ధకమై ముక్కితే రక్తం రావచ్చు.
5. మందులు చెప్పినన్నాళ్లూ వేయండి.

ఇలా చేయకండి

1. కట్టు మీరే విప్పకండి. అంటుకుంటే పీకకండి. దానంతట అదే ఊడిపోతే తిరిగి కట్టకండి, ఆసుపత్రిలో చెప్పండి.
2. పసుపు, బూడిద, ఆకు పసరు పెట్టకండి. చీము పడుతుంది.
3. బిడ్డను కాళ్లు ఎడం చేసి చంకన ఎత్తుకోకండి. రెండు చేతులమీద పడుకోబెట్టి ఎత్తుకోండి.
4. డాక్టరుగారు చెప్పేదాకా తొట్టి స్నానం వద్దు.

వెంటనే ఆసుపత్రికి

గుడ్డమీద రెండు మూడు రక్తపు చుక్కలు, కొంచెం వాపు, కమిలిన రంగు మామూలే. కాని రక్తం ఆగకుండా కారినా, కొన్ని గంటలుగా మూత్రం రాకపోయినా, జ్వరం, చీము, దుర్వాసన ఉన్నా, అంగం కొన నల్లబడినా, గొట్టం ఊడివచ్చినా ఆలస్యం చేయకండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో మెల్లగా అదిమి పట్టి తీసుకెళ్లండి.

పుండు మానిన తర్వాత కూడా మూత్రధార గమనించండి. కింద మరో రంధ్రంనుండి కారినా, ధార సన్నబడినా చూపించండి. దానికీ చికిత్స ఉంది.

"పెద్దయ్యాక పెళ్లి, పిల్లలు?" అని చాలామంది లోలోపల కుమిలిపోతారు. సరిగా చికిత్స జరిగిన పిల్లల్లో చాలామంది అందరిలాగే సంసారం చేసుకుంటారు. దాచుకోకండి, డాక్టరుగారిని అడగండి.